కారు స్టీరియో వెలుగుతోంది, పాట మాత్రం వినిపించడం లేదా?

పాట ఆగిపోగానే చాలామంది స్పీకర్లు పోయాయనుకుని కొత్తవి కొనేస్తారు. నాలుగు స్పీకర్లూ ఒకే రోజు కాలిపోవడం చాలా అరుదు. స్టీరియోకి, స్పీకర్‌కి మధ్య దారి ఎక్కడ తెగిందో మీటరు పెట్టి చూస్తే సగం సార్లు ఖర్చే ఉండదు. డిజిటల్ మల్టీమీటర్, ఒక 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు, స్క్రూడ్రైవర్, ప్యానెళ్లు గీతలు పడకుండా ఊడదీసే ప్లాస్టిక్ పట్టీ ఉంటే చాలు.

ముందుగా ఎఫ్ఎం పెట్టండి. ఎఫ్ఎం వస్తూ బ్లూటూత్ రాకపోతే లోపం ఫోన్ వైపుది: ఫోన్‌లో మీడియా వాల్యూమ్ పెంచి, పెయిరింగ్ తీసేసి మళ్లీ చేయండి. బ్యాలెన్స్ (ఎడమ-కుడి), ఫేడర్ (ముందు-వెనక) మధ్యలో ఉన్నాయో లేదో, మ్యూట్ పడి ఉందేమో కూడా చూడండి.

డిస్‌ప్లే కూడా వెలగకపోతే

ఇది కరెంటు సమస్య. బయట కొని పెట్టించిన స్టీరియోలకు సాధారణంగా పసుపు వైరులో ఎప్పుడూ 12 వోల్టులు, ఎరుపులో తాళం తిప్పాక 12 వోల్టులు ఉండాలి, నలుపు ఎర్త్. స్టీరియో వెనక ఉండే ఫ్యూజు ఎరుపుదైతే 10 ఆంప్స్, నీలందైతే 15. ఎంతది ఉందో అంతదే వేయండి. కొత్తది పెట్టగానే అదీ పోతే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. అప్పుడు పెద్ద ఫ్యూజు గానీ, రాగి తీగ గానీ పెడితే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. బ్యాటరీ తీసి పెట్టాక కొన్ని కంపెనీ స్టీరియోలు కోడ్ అడుగుతాయి. అది కారు కాగితాలతో ఇచ్చిన కార్డు మీద ఉంటుంది.

డిస్‌ప్లే వెలుగుతుంది, ఏ స్పీకరూ మోగదు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. స్టీరియో లోపలి యాంప్ ఐసీ (శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే చిప్) ప్రతి స్పీకర్‌నూ రెండు వైర్లతోనూ నడుపుతుంది. స్పీకర్ మైనస్ అంటే ఎర్త్ కాదు. ఎనిమిది వైర్లలో ఏ ఒక్కటి కారు బాడీకి తగిలినా ఐసీ తనను కాపాడుకోవడానికి మొత్తం ఆపేయగలదు. డోరు రబ్బరు గొట్టంలో వైరు తొక్క ఊడటం, పార్కింగ్‌లో ఎలుకలు కొరకడం, స్క్రూ వైరులోంచి దిగడం, ఇవే మామూలు కారణాలు.

తాళం తీసి, బ్యాటరీ మైనస్ ఊడదీసి, స్టీరియో బయటికి లాగండి. పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ కప్లర్ల (వైర్లను కలిపే ప్లగ్గుల) జోలికి వెళ్లొద్దు. స్పీకర్ల కప్లర్ పీకేసి, బ్యాటరీ కలిపి స్టీరియో ఆన్ చేయండి. మీటర్ నలుపు మొన బాడీకి, ఎరుపు మొన స్టీరియో స్పీకర్ పిన్నులకు ఒక్కొక్కటిగా ఆనించండి. పక్క పిన్నుకు తగలనివ్వకండి. ప్రతిదాంట్లో సుమారు 6 వోల్టులు రావాలి. వస్తే ఐసీ పనిచేస్తోంది, తప్పు వైర్లలో ఉంది. ఎనిమిదింటిలోనూ సున్నా అయితే, ముందు మ్యూట్ వైరు (చాలావాటిలో గోధుమ రంగు) బాడీకి తగులుతోందేమో చూడండి. అదీ కాకపోతే ఐసీ పోయినట్టే; మంచి రిపేరు షాపులో మారుస్తారు.

వైర్లలో తప్పు పట్టడానికి, కప్లర్ పీకే ఉంచి మీటర్‌ను ఓమ్స్‌లో (నిరోధం కొలిచేచోట) పెట్టండి. ఏ స్పీకర్ వైరుకీ, బాడీకీ మధ్య రీడింగ్ రాకూడదు. కొద్ది ఓమ్స్ చూపించిన జతే దొంగ. ఆ జత ఏ డోరుదో రంగు చెబుతుంది: తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి, నల్ల చార ఉన్నది మైనస్. కంపెనీ వైరింగ్‌లో రంగులు వేరు.

ఒక్క స్పీకరే మూగబోతే

కప్లర్ పీకే ఉంచి, ఆ జత వైర్ల మధ్య ఓమ్స్ కొలవండి. 4 ఓమ్స్ స్పీకర్‌కి 3 నుంచి 4 మధ్య రావాలి. అసలేమీ రాకపోతే వైరు తెగింది లేదా కాయిల్ (స్పీకర్ లోపలి తీగచుట్ట) పోయింది. ఏదో తేల్చడానికి డోర్ ప్యాడ్ తీసి, స్పీకర్ వైర్లు విడదీసి, పెన్సిల్ సెల్లును టెర్మినళ్లకు క్షణం తాకించండి. ‘టుక్’ అని కోన్ (స్పీకర్ ముందున్న గరాటులాంటి పొర) కదిలితే స్పీకర్ బాగుంది. తెగింది వైరే, తరచూ డోరు తెరిచి మూసే మడత దగ్గరే. కోన్‌ను వేళ్లతో మెల్లగా నొక్కినప్పుడు గరగరలాడితే కాయిల్ గీసుకుంటోంది. వానాకాలంలో డోరులోకి నీళ్లు దిగిన బండ్లలో ఇది మామూలే.

విడిగా యాంప్ ఉంటే

లైటే వెలగకపోతే, స్టీరియో ఆన్ చేసి యాంప్‌ను ఆన్ చేసే నీలం-తెలుపు రిమోట్ వైరులో 12 వోల్టులు చూడండి. ఆ తరవాత బ్యాటరీ దగ్గరి ఫ్యూజు, ఎర్త్ బోల్టు. ఎర్త్ కింద పెయింట్ గీకి, ఇనుము మెరిసేలా చేసి బిగించాలి. ఎర్ర ప్రొటెక్ట్ లైటు (యాంప్ తనను కాపాడుకోవడానికి ఆగిందనే గుర్తు) వెలిగితే స్పీకర్ వైర్లన్నీ విప్పండి. లైటు ఆరిపోతే ఒక్కో జతే కలుపుతూ రండి, ఏ జత దగ్గర మళ్లీ వెలిగితే తప్పు అందులోనే. సబ్‌వూఫర్‌కి ఉన్న రెండు 4 ఓమ్స్ కాయిల్స్‌ను పారలల్‌గా కలిపితే 2 ఓమ్స్ అవుతుంది. బ్రిడ్జ్‌లో (రెండు చానెళ్లను కలిపి ఒకే స్పీకర్‌ను నడిపేటప్పుడు) చాలా యాంప్‌లు దాన్ని మోయలేవు.

జాయింట్లను మెలితిప్పి టేపు చుట్టి వదిలేయొద్దు. ఎండలో నిలిపిన బండి డాష్‌బోర్డు కింద టేపు జిగురు కారిపోయి, వైరు బయటపడి మళ్లీ బాడీకి తగులుతుంది. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని వైరును పట్టుకునేది) తొడగండి. స్టీరియో లోపలికి తోసేముందే తక్కువ వాల్యూమ్‌లో పాట పెట్టి, బ్యాలెన్స్, ఫేడర్ నాలుగు మూలలకూ తిప్పి వినండి.