పిల్లలు ఫోన్‌లో నిజంగా ఏం నేర్చుకుంటున్నారు? చిన్న పరిశోధన చేయడం ఎలా?

ఫోన్ వల్లే పిల్లలు పాడైపోతున్నారనేవాళ్లు, ఫోన్ ఉంటే ట్యూషన్ అక్కర్లేదనేవాళ్లు ప్రతి స్టాఫ్‌రూమ్‌లోనూ ఉంటారు. ఎవరి మాటలో ఎంత నిజముందో మీ బడిలోనే చూసి తేల్చుకోవచ్చు. బీఈడీ, ఎంఈడీ ప్రాజెక్టు చేసేవాళ్లకూ ఇదే దారి.

ముందు ప్రశ్నను కుదించండి. "విద్యార్థులపై మొబైల్ ప్రభావం" అని పేరు పెట్టుకుంటే ఎటు పోవాలో తెలియదు. "ఆదోని దగ్గరి ఒక హైస్కూల్లో 9వ తరగతి పిల్లలు ఇంట్లో వీడియో చూశాక, అలాంటి లెక్క ఇంకొకటి ఇస్తే సొంతంగా చేస్తున్నారా?" అని అడగండి. ఇది ఒక్కరు చేయగల పని.

తర్వాత ఫోన్ ఎవరిదో తెలుసుకోండి. "మీ ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా?" అని అడిగితే అందరూ చేతులెత్తుతారు. పగలు అది ఎవరి జేబులో ఉంటుంది, పిల్లల చేతికి ఎన్నింటికి వస్తుంది, రీచార్జ్ అయిపోతే ఎన్నాళ్లు ఆగుతారు అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లోని 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది. అన్నదో అక్కదో అలాంటి ట్యాబ్ కొన్ని ఇళ్లలో ఇంకా ఉండొచ్చు. సొంతంగా ట్యాబ్ వాడేవాళ్లను, నాన్న ఫోన్ కోసం రాత్రి దాకా ఎదురుచూసేవాళ్లను ఒకే గుంపులో కలిపేయకండి.

కర్నూలు పడమటి మండలాల్లో పనిచేసేవాళ్లకు ఇంకో మాట. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు చాలా కుటుంబాలు పండగలు దాటాక పత్తి తీతకో, మిరప కోతకో గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస, పోతాయి. కొందరు పిల్లల్ని వెంట తీసుకుపోతారు. ఆగస్టులో పరీక్ష పెట్టి, జనవరిలో మళ్లీ పెడదామనుకుంటే సగం బెంచీలు ఖాళీగా ఉండొచ్చు. మిగిలినవాళ్ల మార్కులు పెరిగాయంటే అది ఫోన్ మహిమ కాకపోవచ్చు, వెళ్లిపోయింది ఎవరన్నది కూడా చూడాలి. బడి తెరిచాక కాస్త కుదురుకోనిచ్చి మొదలుపెట్టి, దసరాలోపు ముగించడం మేలు.

హెడ్మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల ఒప్పుకోలు తప్పనిసరి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే సరిపోదు. ఏం చూస్తారో, ఏం చూడరో నోటితో చెప్పండి. పిల్లలు వద్దంటే బలవంతం చేయకండి.

ఇక అసలు పని. సమాచారం మూడు వైపుల నుంచి రావాలి: పిల్లలు చెప్పేది, ఫోన్ చెప్పేది, చేసి చూపించేది.

పిల్లలు చెప్పేదానికి డైరీ పెట్టండి. రోజూ నాలుగు వరుసలు చాలు: ఏం చూశాను, ఎందుకు చూశాను, పక్కన ఎవరున్నారు, ఎక్కడ అర్థం కాలేదు. వారం చివర ఒకేసారి రాయిస్తే అంతా ఊహించి రాస్తారు.

ఫోన్ చెప్పేది ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఉంటుంది. ఏ యాప్ ఎన్ని నిమిషాలు నడిచిందో అది చూపిస్తుంది. స్క్రీన్‌షాట్‌లు అడగొద్దు, ఇంట్లోవాళ్ల మెసేజ్‌లు కూడా వచ్చేస్తాయి. అంకె ఒక్కటి చదివి చెప్పమంటే చాలు. ఈ అంకెనూ గుడ్డిగా నమ్మకండి. యూట్యూబ్ రెండు గంటలని ఉంటే, డైరీలో అరగంటే ఉంటే, అబద్ధమని తేల్చేయకండి. "మిగతాది మా అన్న క్రికెట్ చూసినాడు సార్" అనే జవాబు రావచ్చు. ఆ జవాబు కూడా రాసుకోవాల్సిన సమాచారమే. ఇలా రెండూ పొసగని చోటే ఇంటర్వ్యూకు కూర్చోండి.

మూడోది చేసి చూపించడం. వీడియో చూసిన మర్నాడు, ఫోన్ లేకుండా, అంకెలు మార్చి అదే రకం లెక్క ఇవ్వండి. "అర్థమైందా?" అంటే అందరూ అయిందనే అంటారు. లెక్క చేసేటప్పుడు ఏ మెట్టు దగ్గర పెన్ను ఆగిందో నోట్ చేసుకోండి. నా మటుకు, మార్కుల పట్టిక కంటే ఆ నోటు ఎక్కువ చెబుతుంది.

రెండు సెక్షన్లను పోల్చాలంటే ఇద్దరికీ టీచర్ ఒకరే అయ్యేలా, ముందస్తు పరీక్ష ఒకటే ఉండేలా చూసుకోండి. మీరు వెనక కూర్చుని గమనిస్తున్నారంటే పిల్లలు మామూలు కంటే బుద్ధిగా ఉంటారు. మొదటి కొన్ని రోజుల నోట్సును లెక్కలోకి తీసుకోకండి.

రాసేటప్పుడు "60 శాతం" అనకుండా "30 మందిలో 18 మంది" అని రాయండి. అంత చిన్న గుంపుకు శాతాలు పెద్ద మాటలు. పేర్లకు బదులు నంబర్లు వాడండి. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితాన్ని విడిగా దాచండి. ఫలితాలను తల్లిదండ్రుల మీటింగ్‌లో చెప్పండి, ఎవరి పిల్లలో గుర్తుపట్టే వివరాలు మాత్రం తీసేసి.