టర్కిష్‌లో టైం మాటలు: ఇంగ్లీష్ పక్కన పెట్టి తెలుగులోంచి వెళ్ళండి

టర్కిష్ మొదలుపెట్టినోళ్ళు చాలామంది ఇంగ్లీష్ యాప్ పట్టుకుని టైం చెప్పే పాఠం దగ్గరికొచ్చేసరికి తికమక పడిపోతారు, ఎందుకంటే ఇంగ్లీష్‌లో ఆలోచిస్తే ప్రతి ముక్కా తిరగేసుకోవాలి. మనకి ఆ బాధ లేదు. తిరుమల క్యూలో కూర్చుని వచ్చినోడు "పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెయిట్ చేశాం" అంటాడు కదా, టర్కిష్‌లో అదే వరసలో "సబాహ్‌తన్ అక్‌షామా కదర్ బెక్లెదిక్". సబాహ్ పొద్దున, తన్ అంటే నుంచి, అక్‌షామ్ సాయంత్రం, కదర్ అంటే దాకా, క్రియ ఆఖర్న. అందుకే నేను చెప్పేది ఒకటే, ముందు తెలుగులో అనుకోండి, తర్వాత మాటలు మార్చండి.

పలకడం గురించి కొంచెం. నేను "యు" అని రాసిన చోట నోరు "ఉ" అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల "ఇ" అనండి, ఆ శబ్దం వస్తుంది. టర్కిష్ రాతలో సి అక్షరం జ అవుతుంది, దాని కింద తోక ఉంటే చ, ఎస్ కింద తోక ఉంటే ష. 1928లో అరబిక్ లిపి వదిలేసి ఈ లిపి పెట్టుకున్నారు, రాసింది రాసినట్టే చదవొచ్చు కాబట్టి రెండు మూడు రోజుల్లో చదవడం వచ్చేస్తుంది.

ఇంక గడియారం. టైం ఎంత అనడానికి "సాఅత్ కచ్?", ఎన్నింటికి అనడానికి "సాఅత్ కచ్‌తా?". అంకెలు బిర్, ఇకి, యుచ్, దొర్త్, బెష్, అల్తు, యెది, సెకిజ్, దొకుజ్, ఒన్, తర్వాత ఒన్ బిర్, ఒన్ ఇకి, అంతే, పదీ ఒకటి, పదీ రెండు. మూడింటికి అంటే "యుచ్‌తె", ఐదింటికి "బెష్‌తె", ఆరింటికి "అల్తుదా". ఈ తె, దా మారేది ముందున్న అచ్చుని, హల్లుని బట్టి, మనం హరికి, రాముకు అని కి, కు మార్చినట్టే, కాబట్టి దీన్ని రూల్‌లా బట్టీ పట్టకుండా నోటితో పదిసార్లు అనేసి చెవికి అలవాటు చేయండి.

నాకు బాగా నచ్చేది ఇక్కడే. ఐదుకి ఇంకా పది నిమిషాలుంది అంటాం కదా, టర్కిష్‌లో "బెషె ఒన్ వర్", ఐదుకి పది ఉంది, ముక్కకి ముక్క. ఐదు దాటి పది నిమిషాలైతే "బెషి ఒన్ గెచియొర్", ఐదుని పది దాటుతోంది. పావు అంటే చెయ్‌రెక్, "బెషె చెయ్‌రెక్ వర్" అంటే 4:45, "బెషి చెయ్‌రెక్ గెచియొర్" అంటే 5:15. అర విషయంలో కూడా మన పద్ధతే, విడిగా అర గంట అంటే "యారుమ్ సాఅత్", కానీ అంకె పక్కన అతికితే "బుచుక్", మూడున్నర "యుచ్ బుచుక్", ఒకటిన్నర గంట "బిర్ బుచుక్ సాఅత్". మన "ఉన్నర" ఒంటరిగా నిలబడనట్టే బుచుక్ కూడా ముందు అంకె లేకుండా రాదు. ఒక్క 12:30కి మాత్రం బుచుక్ కాకుండా "సాఅత్ యారుమ్" అంటారు, దీన్ని విడిగా గుర్తుపెట్టుకోండి.

తెలుగు కాలికి అడ్డం పడే చోట్లు కూడా ఉన్నాయి. "ఐదుకి రా", "ఐదుకి పది ఉంది" రెండిట్లోనూ మనకి అదే కి, వాళ్ళకి మాత్రం మొదటిది "బెష్‌తె", రెండోది "బెషె". ఇంకోటి, అంకె తర్వాత బహువచనం పెట్టరు. రెండు రోజులు అంటే "ఇకి గ్యున్", ఐదు నిమిషాలు అంటే "బెష్ దకికా", మన "లు" అలవాటుతో వెనక ఏదో తగిలించకండి.

ఇవాళ "బుగ్యున్", నిన్న "ద్యున్", రేపు "యారున్", ఎల్లుండి "ఒబ్యుర్ గ్యున్", మొన్న "ఎవ్వెల్సి గ్యున్". ముందు అంటే "ఒన్జె", తర్వాత అంటే "సొన్రా", రెండూ మన లాగే వెనకే వస్తాయి, రెండు రోజుల తర్వాత "ఇకి గ్యున్ సొన్రా", ఐదు నిమిషాల ముందు "బెష్ దకికా ఒన్జె". పొద్దుపొద్దున్నే అనడానికి వాళ్ళు కూడా "సబాహ్ సబాహ్" అని మాట రెండుసార్లు అంటారు, అప్పుడప్పుడు అంటే "జమాన్ జమాన్", ఎప్పుడు అంటే "నె జమాన్?". తెల్లవారుజాము "సబాహా కర్షు", కాబట్టి తెల్లారుజామున మూడింటికి సుప్రభాతం అని చెప్పాల్సొస్తే "సబాహా కర్షు యుచ్‌తె" అని మొదలుపెట్టొచ్చు.

వారాల పేర్లకి మదనపల్లి, పలమనేరు వైపు ఉర్దూ మాట్లాడే ఫ్రెండ్ ఎవరన్నా ఉంటే సగం పని అయిపోయినట్టే. వారం అంటే "హఫ్తా", టైం అంటే "వకిత్", శుక్రవారం "జుమా", ఇవన్నీ వాళ్ళ నోట్లో వినేవే. ఆదివారం "పజార్", సంత అనడానికి కూడా అదే మాట. "ఎర్తెసి" అంటే మర్నాడు, జుమా మర్నాడు శనివారం "జుమార్తెసి", పజార్ మర్నాడు సోమవారం "పజార్తెసి". మంగళవారం "సలు", బుధవారం "చర్షంబా", గురువారం "పెర్షెంబె", ఈ చివరి రెండిట్లో ఫార్సీ నాలుగు, ఐదు దాక్కుని ఉన్నాయి, ఆదివారం నుంచి మనం లెక్కపెట్టినా బుధవారం నాలుగోదే, గురువారం ఐదోదే. శుక్రవారం రోజు అనాలంటే "జుమా గ్యున్యు". నెలల పేర్లు తొందరేం లేదు, తర్వాత చూసుకోవచ్చు.

రోజూ నోట్లో ఆడే మాటలు మాత్రం ఇప్పుడే పట్టేయండి. ఒక్క నిమిషం ఆగండి అనాలంటే "బిర్ దకికా" చాలు. నాకు టైం లేదు "వక్తిమ్ యొక్", టైం ఉందా "వక్తిన్ వర్ ము?", పెద్దవాళ్ళనో కొత్తవాళ్ళనో అడిగేటప్పుడు "వక్తినిజ్ వర్ ము?", మీరు నువ్వు తేడా అక్కడా ఉంది, మర్యాద తప్పకండి. ఉంది వర్, లేదు యొక్, ఈ రెండూ వస్తే సగం సంభాషణ నడిచిపోతుంది. ఇప్పుడే వస్తున్నా అంటే "షిమ్ది గెలియొరుమ్". "సబాహ్‌తన్ బెరి బెక్లియొరుమ్" అంటే పొద్దున్నుంచి వెయిట్ చేస్తున్నా, చూడండి, వెయిట్ చేస్తున్నా అని మామూలు వర్తమానమే, ఇంగ్లీష్‌లో ఇక్కడ వేసే మెలికలేం లేవు.

ప్రాక్టీసుకి వేరే టైం తియ్యక్కర్లేదు. తిరుపతి బస్టాండ్‌లో నిలబడి ఉన్నప్పుడు చెన్నై బస్సు ఇంకెంత సేపట్లో అని వాచీ చూస్తారు కదా, చూసిన ప్రతిసారీ ఆ టైంని మనసులో టర్కిష్‌లో చెప్పుకోండి, రౌండు గంట కాకుండా 4:50, 6:15 లాంటివైతే ఇంకా మంచిది, ఎందుకంటే బెషె, బెషి తేడా నోటికి దిగేది అప్పుడే. టర్కీలో టికెట్ల మీద 19.30 అని 24 గంటల లెక్కలో ఉంటుంది, మాటల్లో మాత్రం మామూలుగా "యెది బుచుక్" అనేస్తారు.

అక్కడ ఎవరితోనైనా చాట్ చేసేవాళ్ళకి ఇంకో విషయం, 2016 నుంచి టర్కీలో ఏడాదంతా ఒకటే టైం, మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకి రాత్రి 10:30 అయినప్పుడు వాళ్ళకి ఇంకా 8 గంటలే, కాబట్టి అప్పుడు మెసేజ్ మొదలుపెడితే గుడ్ నైట్ లాంటి "ఇయి గెజెలెర్" కాదు, "ఇయి అక్‌షామ్లార్" అని పెట్టండి.