ఇంటి బోరు మోటారు మార్చడానికి బడ్జెట్ ఎలా వేసుకోవాలి?

బోరు మోటారు ఆగిపోగానే చాలామంది దుకాణానికి ఫోను చేసి కొత్త మోటారు ధర అడుగుతారు. కానీ మొత్తం ఖర్చులో అది ఒక భాగమే. పైపులు, కేబుల్, స్టార్టర్, పాతది తీసి కొత్తది దింపే కూలి అన్నీ కలిస్తేనే అసలు లెక్క తేలుతుంది. మోటారు ఇంకా నడుస్తుండగానే ఆ లెక్క రాసి పెట్టుకోవడం మంచిది.

1. పోయింది మోటారేనా?

సింగిల్ ఫేజ్ మోటారుకు కెపాసిటర్ (మోటారు తిరగడం మొదలుపెట్టడానికి తోడ్పడే భాగం) సాధారణంగా పైన ప్యానెల్ బోర్డులోనే ఉంటుంది. అది పాడైనా మోటారు తిరగదు. దాన్ని మార్చడం చిన్న పని, బోరు జోలికే పోనక్కర్లేదు. ఎలక్ట్రీషియన్ చేత స్టార్టర్, కేబుల్ కూడా పరీక్ష చేయించాకే మోటారు పైకి తీయించండి. వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) కాలిందని తేలితే రీవైండింగ్, అంటే ఆ తీగ మళ్లీ చుట్టించడం, చౌకగా కనిపిస్తుంది. అయితే ఆ మోటారు మళ్లీ మొరాయిస్తే తీసి దింపే కూలి రెండోసారి కట్టుకోవాలి. ఇంతకుముందే ఒకసారి రీవైండింగ్ అయిన మోటారైతే కొత్తది కొనడమే మేలని నా అభిప్రాయం.

2. హెడ్డు లెక్క

మోటారు నీళ్లను మొత్తం ఎంత ఎత్తుకు ఎత్తాలో ఆ కొలతే హెడ్డు. ఇక్కడ తొందరపడితే మిగతా లెక్కంతా తప్పుతుంది. వేసవిలో నీటిమట్టం ఎంత లోతుకు దిగుతుందో అదే తీసుకోండి, వర్షాకాలం మట్టం కాదు. ఉదాహరణకు మే నెలలో నీళ్లు 180 అడుగుల్లో ఉంటాయి, మేడ మీద ట్యాంకు 35 అడుగుల ఎత్తులో ఉంది అనుకుందాం. మొత్తం 215. పైపుల్లో రాపిడికి పది శాతం కలిపితే సుమారు 236 అడుగులు, అంటే 72 మీటర్లు. మోటారు మీద రాసి ఉండే హెడ్డు పరిధిలో ఈ అంకె మధ్యలో పడాలి, అంచున కాదు. పక్కింటివారు పెద్ద మోటారు వేశారని మీరూ వేయకండి. బోరు ఊట కంటే వేగంగా తోడితే నీళ్లు అయిపోయి మోటారు ఒట్టిగా తిరిగి కాలిపోతుంది. బోరు మోటార్ల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 8034 ప్రకారం ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో కూడా చూసుకోండి.

3. అడుగుల్లో కొలిచేవి

మోటారు 250 అడుగుల్లో దింపుతుంటే పైపు 250 అడుగులు కావాలి. ప్యానెల్ బోర్డు 40 అడుగుల దూరంలో ఉంటే కేబుల్ 290 అడుగులు పడుతుంది. పాత పైపులు పైకి వచ్చినప్పుడు పక్కనే నిలబడి చూడండి. జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపుల మర (ఒకదానికొకటి బిగించే గాట్లు) దగ్గర గోటితో గీకితే తుప్పు పొరలుగా రాలుతుంటే వాటిని మళ్లీ దింపించవద్దు. మర తెగితే మోటారు బోరులోనే ఉండిపోతుంది. కేసింగ్‌కు (బోరులో దింపిన గొట్టానికి) ఒరుసుకుని పై తొడుగు అరిగిన కేబుల్‌కూ ఇదే మాట.

4. కూలి, చిల్లర ఖర్చులు

జీఐ పైపులను 20 అడుగులకొకటి చొప్పున విప్పాలి కాబట్టి కూలి ఎక్కువ. హెచ్‌డీపీఈ (ఒక రకం ప్లాస్టిక్) పైపు ఒకే చుట్టగా వస్తుంది, పని తేలిక. ధర అడిగేటప్పుడు తీయడం, దింపడం రెండూ కలిపి చెప్పారా, జీఎస్‌టీ కలిసిందా అని అడగండి. తాడు, క్లాంపులు, బోరు మూత కూడా రాసుకోండి. నీళ్లు లేనప్పుడు మోటారును ఆపేసే డ్రై రన్ రక్షణ ఉన్న ప్యానెల్‌కు పెట్టే డబ్బు వృథా కాదు.

5. మొత్తం, నెలసరి పొదుపు

వచ్చిన మొత్తానికి పది పదిహేను శాతం కలపండి. మోటారు బోరులో ఇరుక్కుంటే కూలి పెరుగుతుంది. అన్నీ కలిపి 36,000 రూపాయలు తేలిందనుకుంటే, నెలకు 500 చొప్పున ఆరేళ్లలో సమకూరుతుంది. మోటారు ఇప్పటికే పాతదైతే ఆ గడువు తగ్గించి నెలసరి మొత్తం పెంచండి. వీలైతే ఎండలు ముదరకముందే మార్పించండి. కొత్తది దింపిన రోజే తేదీ, లోతు, పైపు రకం, హెడ్డు రాసిన కాగితాన్ని వారంటీ కార్డుతో కలిపి భద్రపరచండి.