ఫోన్ పౌచ్, కెమెరా కేస్: నీళ్లు దూరేది మూతి దగ్గరే

ఐపీ68 ఫోన్‌కి మళ్లీ కవరెందుకని చాలామంది అడుగుతారు. ఐపీ అంటే ఫోన్ దుమ్మునీ నీటినీ ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగు. అందులో 6 దుమ్ముకి, 8 నీటికి. 7 అయితే మీటరు లోతులో 30 నిమిషాలు తట్టుకుంటుందని, 8 అయితే అంతకు మించి, ఎంతన్నది కంపెనీయే చెప్పాలని అర్థం. అదీ కొత్త ఫోన్‌తో, కదలని మంచినీళ్లలో చేసిన పరీక్ష. సముద్రపు ఉప్పు, ఈతకొలనులో క్లోరిన్, జలపాతం ధార అందులో లెక్కకు రావు. ఫోన్ ఒకసారి కిందపడినా, స్క్రీన్ మార్పించినా లోపలి సీలు మునుపటిలా ఉండదు.

పాపికొండల లాంచీకి, బొగత జలపాతం తుంపరకి ఫోన్‌కైతే మామూలు పౌచ్ చాలు. డీఎస్ఎల్ఆర్ కెమెరాకి 10 లీటర్ల డ్రై బ్యాగ్, అంటే మూతిని చుట్టి మూసే సంచి, తీసుకోండి. మూడింట రెండు వంతులే నింపి, గాలి నొక్కేసి, మూతిని కనీసం మూడు చుట్లు చుట్టాకే క్లిప్ పెట్టాలి. నిండా కుక్కితే మూడో చుట్టు పడదు, నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి. ఇది తడవకుండా కాపాడే సంచి, ముంచడానికి కాదు.

పెలికాన్ లాంటి గట్టి పెట్టెలు ప్రయాణానికే గానీ నీళ్లలో ఫోటోలు తీయడానికి కాదు. గాలి వాల్వ్ లేని పెట్టెను 900 మీటర్ల పైనున్న అరకులో మూసి విశాఖలో తెరవబోతే మూత బిగుసుకుపోయి రాకపోవచ్చు. చేత్తో తిప్పే వాల్వ్ ఉంటే ముందు దాన్ని వదులు చేయండి. నీటి అడుగున తీయాలంటే ఆ మోడల్ కెమెరాకే చేసిన హౌసింగ్, అంటే నీళ్లు దూరని గట్టి కేసు, కావాలి. డీఎస్ఎల్ఆర్‌ని మెత్తటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి సముద్రంలో దింపడం మాత్రం వద్దు. ఇప్పటి గోప్రో హీరో బ్లాక్ యాక్షన్ కెమెరాలు హౌసింగ్ లేకుండానే 10 మీటర్ల దాకా వెళ్తాయి. వాటి హౌసింగ్‌తో 60 మీటర్లు.

కొత్త పౌచ్‌లో మొదట ఫోన్ పెట్టకండి. మడిచిన టిష్యూ పేపరు పెట్టి, బకెట్‌లో అరగంట ముంచి ఉంచండి. మధ్యలో రెండుమూడు సార్లు నలపండి. తీశాక బయటంతా తుడిచి, చేతులు ఆరాకే తెరవాలి. లేదంటే మన చేతి తడే టిష్యూకి అంటి, మంచి పౌచ్‌ని చెడ్డదనుకుంటాం. ప్రతి ప్రయాణానికి ముందూ ఇదే పరీక్ష. మూతి దగ్గరి మడత అన్నిటికంటే ముందు పగులుతుంది.

ఓ-రింగ్ (మూత అంచున నీళ్లను ఆపే రబ్బరు రింగు) ఉన్న కేసులో ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు చాలు, నీళ్లకు దారి దొరుకుతుంది. రింగును ప్లాస్టిక్ కార్డు మూలతో తీయండి, పిన్నుతో కాదు. పీచు రాలని బట్టతో తుడిచి, వేలు చుట్టూ పోనిచ్చి గరుకు తగులుతుందేమో చూడండి. గ్రీజు బియ్యపు గింజంత చాలు. రింగు మెరవాలి, ముద్ద కనబడకూడదు. కారే కేసును గ్రీజు ఆపలేదు. అది రింగు మెలిపడకుండా కూర్చోవడానికే. ఎక్కువైతే ఇసుకను పట్టుకుంటుంది. కేసుతో వచ్చిన గ్రీజే వాడాలి, వ్యాజిలీన్, కొబ్బరినూనె వద్దు.

లోతుకి వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడి మూతను ఇంకా గట్టిగా అదుముతుంది. అందుకే సరిగ్గా మూయని కేసు చాలాసార్లు పైపైనే కారుతుంది. దిగగానే కేసును అరనిమిషం ముంచి చూడండి. ఒకేచోటు నుంచి బుడగలు వరుసగా వస్తుంటే వెంటనే పైకి తీయండి.

పౌచ్ తేలాలంటే లోపల గాలి ఉండాలి. 200 గ్రాముల ఫోన్ సుమారు 100 మిల్లీలీటర్ల నీటినే పక్కకు తోస్తుంది. మిగతా బరువుకీ పౌచ్ బరువుకీ కలిపి 150 మిల్లీలీటర్ల గాలి ఉంచండి. ముంచాక టచ్ పనిచేయదు, కాబట్టి వీడియో ముందే ఆన్ చేయండి, లేదా వాల్యూమ్ బటన్‌తో తీయండి. ప్లాస్టిక్ లెన్స్‌కి అంటుకునేలా సర్ది, ఫ్లాష్ ఆపేయండి.

లోపల పట్టే ఆవిరిని చాలామంది లీకనుకుంటారు. ఒడ్డున ఉక్కపోతలో మూస్తే ఆ చెమ్మగాలి లోపలే ఉండిపోయి, చల్లటి నీళ్లు తగలగానే అద్దం మీద పేరుకుంటుంది. ఏసీ గదిలోనే మూసి, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు రెండు రింగుకి తగలకుండా పెట్టండి. పౌచ్‌లో ఫోన్‌ని మాత్రం ఎండలో వదలకండి, త్వరగా వేడెక్కుతుంది.

సముద్రం నుంచి రాగానే, ఉప్పు ఎండకముందే, మూసిన కేసును అరగంట మంచినీళ్లలో నాననివ్వండి. బటన్లు నొక్కుతుంటే సందుల్లోని ఉప్పు పోతుంది. జుట్టు, చేతులు ఆరబెట్టుకుని, మూతి కిందికి వంచి తెరిస్తే అంచున మిగిలిన చుక్క లోపల పడదు.

ఒకవేళ నీళ్లు దిగితే వెంటనే స్విచ్ఛాఫ్ చేయండి. కెమెరా అయితే బ్యాటరీ, కార్డు తీసేయండి. చార్జింగ్ వద్దు, హెయిర్ డ్రయ్యర్ వద్దు. బియ్యంలో పెట్టడమూ వద్దు, నలుసులు దూరతాయని ఆపిల్ కూడా హెచ్చరిస్తోంది. ఉప్పునీళ్లయితే ఆరేదాకా ఆగకుండా అదే రోజు సర్వీసుకి ఇవ్వండి. పడింది సముద్రపు నీళ్లని అక్కడ ముందే చెప్పాలి, అప్పుడే విప్పి ఉప్పు కడుగుతారు.