లక్సెంబర్గ్‌లో ఒక్క రాత్రి ఆగాలంటే ఇద్దరికీ సరిపోయే ప్లాను

పారిస్ ట్రిప్ పెట్టుకున్న మన వైజాగ్ వాళ్ళు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, మధ్యలో ఒక్క రాత్రి ఫ్రాన్స్ పక్కనే ఉన్న చిన్న దేశం లక్సెంబర్గ్‌లో, అదే పేరున్న దాని రాజధానిలో దిగండి. పారిస్‌లో గార్ ద లెస్ట్ స్టేషన్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైలు ఎక్కితే రెండు గంటల పైచిలుకు, అంతే. మేమిద్దరం జూన్‌లో మధ్యాహ్నం దిగి మర్నాడు మధ్యాహ్నానికి బయల్దేరిపోయాం, ఆ ఒక్క రోజు గురించి మా ఆయన ఇప్పటికీ చెప్తూనే ఉంటారు.

ముందు వీసా సంగతి. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఒకటి ఉంటే చాలు, లక్సెంబర్గ్‌కి వేరేగా అక్కర్లేదు, కానీ అప్లికేషన్ మాత్రం ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే పెట్టాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఈ ఒక్క రాత్రి హోటల్ బుకింగ్ కూడా ఆ కాగితాల్లోనే పెట్టేయండి, మధ్యలో ఒక రాత్రి ఖాళీగా కనిపిస్తే ఎక్కడున్నారని అడగొచ్చు.

వీలైతే శుక్రవారమో శనివారమో రాత్రి పడేలా చూసుకోండి. వారం మధ్యలో బ్యాంకుల వాళ్ళూ యూరోపియన్ యూనియన్ ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళతో హోటళ్ళు నిండిపోయి రేట్లు బాగా ఎక్కువుంటాయి. ఆదివారం మాత్రం చాలా షాపులు మూసేసి ఉంటాయి కాబట్టి నీళ్ళ బాటిల్, పళ్ళు, బ్రెడ్డు శనివారమే కొని పెట్టుకోండి. హోటల్ రైల్వే స్టేషన్ దగ్గరే తీసుకోండి, ఆ ఏరియాని గార్ అంటారు, బ్యాగులు రూములో పడేసి నడుచుకుంటూ ఊళ్ళోకి వెళ్ళిపోవచ్చు.

ఇంక బస్సుల సంగతి, మన దగ్గర ఆడవాళ్ళకి ఫ్రీ బస్సులో జీరో టికెట్ కొట్టి ఇస్తారు కదా, అక్కడ 2020 నుంచి దేశం మొత్తం బస్సు, ట్రాము, రైలు సెకండ్ క్లాసు ఆడా మగా టూరిస్టులు అందరికీ ఫ్రీ, టికెట్టే ఉండదు. మా ఆయన ట్రాములో నిలబడి "టికెట్ ఎవర్ని అడగాలి" అని అటూ ఇటూ చూస్తుంటే పక్కన ఒక పెద్దాయన నవ్వి చెయ్యి ఊపి కూర్చోమన్నారు. ఎయిర్‌పోర్టుకి కూడా ఇప్పుడు ట్రామే వెళ్తుంది.

ఇప్పుడు అసలు విషయం, సాయంత్రం నడక. ఇది మాత్రం ఇదే వరసలో చెయ్యండి. గార్ నుంచి పాసరెల్ అనే పాత రాతి వంతెన మీదుగా నడవండి, కింద లోయంతా చెట్లే. వంతెన దాటాక కోర్టులున్న సాంతెస్ప్రి దగ్గర కొండలోంచి కిందకి ఒక లిఫ్ట్ ఉంటుంది, అదీ ఫ్రీయే, తలుపు తెరుచుకునేసరికి పైనున్న కార్ల చప్పుడంతా పోయి అల్జెట్ నది నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. అదే గ్రుండ్, లోయలో ఉన్న పాత పేట. నది ఒడ్డున చిన్న చిన్న తోటలు, పాత ఇళ్ళు, తల ఎత్తితే కోట గోడలు. నది పక్కనే క్లౌసెన్ అనే పేట మీదుగా ఫాఫెంటాల్ అనే పేట దాకా మెల్లగా నడవండి, తొందరపడకండి. అక్కడ అద్దాల లిఫ్ట్ ఉంది, దాదాపు 70 మీటర్లు పైకి తీసుకెళ్తుంది. కైలాసగిరి రోప్‌వేలో కళ్ళు మూసుకునే మనిషి మా ఆయన, ఇందులో నా చెయ్యి గట్టిగా పట్టుకుని మరీ కిందకి చూశారు, రెండోసారి కూడా ఎక్కుదామన్నారు, ఎక్కాం.

పైకొచ్చాక పాత ఊరి మీదుగా కోర్నీష్‌కి, అంటే లోయ అంచున కోట గోడ వెంట ఉన్న నడకదారికి వచ్చి ఆ గోడ పక్కన కూర్చోండి. జూన్‌లో సూర్యుడు అస్తమించేది రాత్రి తొమ్మిదిన్నర దాటాకే, అందుకే ఒక్క సాయంత్రమే ఇంత పొడుగ్గా దొరికింది మాకు, కింద ఇళ్ళలో ఒక్కో దీపం వెలుగుతుంటే ఆర్కే బీచ్‌లో పెళ్ళైన కొత్తలో కూర్చున్నట్టే మాటల్లేకుండా కూర్చున్నాం. చలికాలం వెళ్తే ఐదింటికల్లా చీకటి పడిపోతుంది, నడక మధ్యాహ్నమే మొదలుపెట్టండి.

పొద్దున్నే బోక్ కేస్‌మేట్స్, అంటే కొండని తొలిచి చేసిన సొరంగాలు. ఆ రోజు తెరిచి ఉందో లేదో ముందు చూసుకోండి. 963లో సీగ్‌ఫ్రీడ్ అనే ప్రభువు కోట కట్టుకున్న బండ ఇదే, ఊరు మొదలైంది ఇక్కడే, సొరంగాలు మాత్రం స్పెయిన్ వాళ్ళ కాలంలో 1644లో మొదలెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో వేలమంది ఇందులోనే తలదాచుకున్నారట, ఫిరంగులు పెట్టిన కన్నాల్లోంచి బయటకి చూస్తే ఆ మాట గుర్తొచ్చి గుండె బరువెక్కింది. లోపల చల్లగా, మెట్లు ఇరుగ్గా ఉంటాయి, చెప్పులు కాదు షూసే వేసుకోండి, మోకాళ్ళ నొప్పులుంటే కోర్నీష్ చాలు.

తిండికి ఇంటి నుంచి ఆవకాయ, కరివేపాకు పొడి పట్టుకెళ్ళండి కానీ చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, పాలకోవా వద్దు, మాంసం పాల వస్తువులు యూరప్‌లోకి తీసుకెళ్ళనివ్వరు. కుళాయి నీళ్ళు తాగొచ్చు. ఎవరైనా ఎదురైతే "మోయెన్" అనండి, వాళ్ళ భాషలో నమస్కారం లాంటిది, వెంటనే మొహం వికసిస్తుంది.

తిరుగు రైలు టికెట్ మాత్రం ముందే తీసుకోండి, ఫ్రీ అనేది ఆ దేశం సరిహద్దు దాకానే.