టీచర్లకు ఇవ్వడానికి ఇంట్లోనే కుకీలు: ఎలా చేయాలి?

టీచరు చేతికి అందిన కుకీల డబ్బా అప్పటికప్పుడు తెరుచుకోదు. క్లాసు మొదలవుతుంది, డబ్బా బ్యాగులోకి వెళ్తుంది. పుస్తకాల మధ్య నలిగి సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. మూత తీసేసరికి ఒక్కోసారి రెండు రోజులు దాటిపోతుంది. ఓవెన్లోంచి తీసి వేడివేడిగా తినే కుకీకి, ఇలా చేతులు మారి వెళ్లే కుకీకి తేడా ఇక్కడే ఉంది. పైన క్రీమ్ పూసినవి మూతకి అంటుకుంటాయి, చాక్లెట్‌లో ముంచినవి ఎండకి కరిగిపోతాయి, మధ్యలో మెత్తగా ఉండేవి మర్నాటికి రుచి తగ్గుతాయి. బహుమతిగా ఇవ్వడానికి నా ఓటు ఎప్పుడూ సాదా బటర్ కుకీకే. అందులో గుడ్డు ఉండదు, వారం పైగా గుల్లగా నిలుస్తుంది, కొలతలు కూడా సులువుగా గుర్తుంటాయి: పంచదార ఒక పాలు, బటర్ రెండు పాళ్లు, మైదా మూడు పాళ్లు. ఇవి తూకంలో తీసుకోవాలి, కప్పుల్లో కాదు.

ముందు రెండు విషయాలు కనుక్కోండి

ఇంట్లో చేసిన తినుబండారాలను బడిలోకి అనుమతిస్తారా అన్నది మొదటిది. కొన్ని బడుల్లో బయటి తిండి తేకూడదని, బహుమతులు ఇవ్వకూడదని నియమాలు ఉంటాయి. రెండోది, ఆ టీచరుకు పడని పదార్థాలు ఏమైనా ఉన్నాయా అన్నది. ఈ కుకీలో గోధుమ, పాలు ఉన్నాయి. వేరుశనగ, బాదం, జీడిపప్పు లాంటివి కొందరికి ప్రాణం మీదికి తెస్తాయి కాబట్టి, తెలియనప్పుడు వాటిని కలపకపోవడమే మంచిది. తీపి మానేసిన టీచరుకు కుకీలు ఇచ్చి ఇబ్బంది పెట్టడం కంటే ఒక మంచి ఉత్తరం ఇవ్వండి, అదే చాలు.

కావలసినవి

పంచదార 100 గ్రాములు, ఉప్పు లేని బటర్ 200 గ్రాములు, మైదా 300 గ్రాములు, ఉప్పు అర టీస్పూను, వెనిల్లా ఎసెన్స్ ఒక టీస్పూను. వీటితో 20 గ్రాముల కుకీలు దాదాపు 30 వస్తాయి. ఒక్కొక్కరికి ఎనిమిది చొప్పున ముగ్గురు టీచర్లకు ఇచ్చినా, ఇంట్లో రుచి చూడటానికి మిగులుతాయి. ఉప్పు ఉన్న బటరే దొరికితే విడిగా ఉప్పు వేయకండి. పంచదారను మిక్సీలో మెత్తగా పొడి చేసి జల్లించుకోవాలి. పొడి వేస్తే కుకీ ఓవెన్లో తక్కువగా పరుచుకుని అంచులు చక్కగా నిలుస్తాయి.

ముద్ద కలపడం

ఫలితం సగం బటర్ మీదే ఆధారపడుతుంది. దాన్ని ముందుగానే ఫ్రిజ్‌లోంచి బయట పెట్టండి. వేలితో నొక్కితే గుంట పడాలి కానీ పైన నూనెలా మెరవకూడదు. తొందరపడి పొయ్యి మీద కరిగిస్తే కుకీలు ట్రే మీద పల్చగా పాకిపోతాయి. మెత్తబడిన బటర్‌లో పంచదార పొడి, ఉప్పు, వెనిల్లా వేసి గరిటెతో రెండు మూడు నిమిషాలు కలపండి, నున్నగా కలిసిపోతే చాలు. కేకుకి చేసినట్టు తెల్లగా, నురగగా అయ్యేదాకా గిలక్కొట్టకండి. ఆ గాలంతా ఓవెన్లో వ్యాకోచించి కుకీ ఆకారం చెడగొడుతుంది.

ఇప్పుడు మైదాని జల్లించి రెండు విడతలుగా వేయండి. మొదట్లో పొడిపొడిగా ఉండి, ఇది ముద్దవుతుందా అనిపిస్తుంది. నీళ్లు గానీ పాలు గానీ పోయకండి. చేత్తో దగ్గరికి నొక్కుతూ ఉంటే బటర్ తేమతోనే ముద్దవుతుంది. పొడి పిండి కనబడకుండా పోయిన క్షణంలోనే ఆపేయాలి. చపాతీ పిండిలా మర్దనా చేస్తే మైదాలోని గ్లూటెన్ అనే జిగురు ప్రోటీన్ సాగి, నోట్లో వేసుకోగానే విరిగిపోవాల్సిన కుకీ గట్టిపడుతుంది. బటర్ ముందుగా పిండి రేణువుల చుట్టూ పట్టుకుంటేనే ఆ గుల్లదనం వస్తుంది.

ముద్దని రెండు భాగాలు చేసి, ఒక్కొక్కటి 5 సెంటీమీటర్ల మందాన గుండ్రటి రోల్‌లా చుట్టండి. బేకింగ్ పేపర్లో బిగించి కనీసం గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. బటర్ మళ్లీ గట్టిపడితే కోయడం తేలిక, కాల్చేటప్పుడు పరుచుకోవడమూ తగ్గుతుంది. తీరిక దొరకని వాళ్లకు ఈ దశ వరం లాంటిది: రోల్‌ని గాలి తగలకుండా చుట్టి ఫ్రీజర్లో పెడితే రెండు నెలలు ఉంటుంది. ఇవ్వాల్సిన రోజు ముందు సాయంత్రం తీసి, కాసేపు బయట ఉంచి, కోసి కాల్చుకోవచ్చు.

పిల్లల చేతికి ఏ పని ఇవ్వాలి?

పిల్లలు కూడా ఈ పనిలో చేయి వేయడం తప్పనిసరి అని నేను నమ్ముతాను. అమ్మానాన్నలు చేసి, పిల్లవాడు మోసుకెళ్లిన డబ్బా అమ్మానాన్నల బహుమతే అవుతుంది. తూకం వేయడం, పిండి జల్లించడం, ముద్దని దగ్గరికి నొక్కడం చిన్నవాళ్లూ చేయగలరు. కోసిన కుకీల మీద ఫోర్కుతో గుచ్చి గీతలు, చుక్కలు పెట్టే పని పూర్తిగా వాళ్లకే వదిలేయండి. ఆ రంధ్రాల్లోంచి ఆవిరి బయటికిపోయి కుకీ ఉబ్బకుండా ఉంటుంది. వంకరగా పడ్డ గీతల్ని మీరు సరిదిద్దకండి. ఓవెన్, కత్తి పని మాత్రం పెద్దవాళ్లదే. పచ్చి ముద్దని నాకనివ్వకండి. గుడ్డు లేకపోయినా, కాల్చని పిండిలో రోగాలు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు.

కాల్చడం

ఓవెన్‌ని 165 డిగ్రీల సెల్సియస్‌లో కనీసం 15 నిమిషాలు వేడెక్కనివ్వండి. రోల్స్‌ని 8 మిల్లీమీటర్ల మందాన ముక్కలుగా కోయండి. అన్నీ ఒకే మందంలో ఉండాలి, లేకపోతే కొన్ని మాడేసరికి కొన్ని పచ్చిగా ఉంటాయి. బేకింగ్ పేపర్ పరిచిన ట్రేలో వేలెడు దూరంలో పేర్చి, మధ్య అరలో 15 నుంచి 18 నిమిషాలు కాల్చండి. ప్రతి ఓవెన్ వేడిలోనూ తేడా ఉంటుంది కాబట్టి 13వ నిమిషం నుంచే కన్నేసి ఉంచండి. అంచుల్లో లేత బంగారు రంగు వచ్చి, మధ్యభాగం ఇంకా తెల్లగా ఉన్నప్పుడే తీయాలి. ముట్టుకుంటే మెత్తగా ఉంటాయి, కంగారు పడకండి, చల్లారాక గట్టిపడతాయి. ముదురు రంగు ట్రే అయితే అడుగు భాగం త్వరగా రంగు మారుతుంది, రెండు నిమిషాలు ముందే చూడండి.

ట్రే మీదే ఐదు నిమిషాలు వదిలి, తర్వాత జాలీ మీదికి మార్చి పూర్తిగా చల్లారనివ్వండి. గంట పట్టినా ఫర్వాలేదు. గోరువెచ్చగా ఉన్నప్పుడే డబ్బాలో పెడితే ఆవిరి మూతకి పట్టి నీరై, పడ్డ కష్టమంతా మెత్తబడిపోతుంది.

రుచి మార్చాలంటే ఒక నిమ్మకాయ తొక్కని పైపైన తురిమి పంచదారలో వేళ్లతో నలపండి, వాసన అద్భుతంగా పడుతుంది. కోకో రుచి కావాలంటే 40 గ్రాముల మైదా తగ్గించి అంతే కోకో పొడి వేయండి. వాటికి రంగు చూసి చెప్పలేం, సమయాన్నే నమ్ముకోవాలి.

డబ్బాలో సర్దడం

గాలి చొరబడని చిన్న డబ్బా తీసుకుని, అడుగున బేకింగ్ పేపర్ మడిచి, కుకీల్ని నిలువుగా ఒకదాని వెనక ఒకటి బిగుతుగా పేర్చండి. ఖాళీ ఉంటే కదిలి విరుగుతాయి కాబట్టి ఆ సందుల్లో నలిపిన కాగితం పెట్టండి. మెత్తటి కుకీలు కూడా చేస్తే వాటిని వేరే డబ్బాలో పెట్టాలి. ఒకే చోట ఉంటే వాటి తేమ గుల్లవాటిలోకి చేరుతుంది.

డబ్బా మీద చిన్న చీటీ అతికించండి: ఏమేం వేశారు, ఏ రోజు చేశారు, ఎప్పటిలోగా తినాలి. పది రోజుల్లోగా అని రాస్తే సరిపోతుంది. అదే వంటింట్లో, అవే గిన్నెల్లో గింజలు, పప్పులు వాడుతుంటే ఆ మాట కూడా రాయాలి. చీటీ చూశాక తినాలా వద్దా అన్నది టీచరు ఎవర్నీ అడగకుండానే తేల్చుకోగలుగుతారు.

దానితోపాటు పిల్లలు సొంత చేతిరాతతో రెండు వాక్యాలు రాయాలి. ‘మీరు బాగా చెప్తారు’ అన్నది ఎవరికైనా రాయొచ్చు. ‘భిన్నాలు అర్థం కానప్పుడు కాగితం మడిచి చూపించారు, అప్పట్నుంచి నాకు లెక్కలంటే భయం పోయింది’ అన్నది ఆ ఒక్క టీచరుకే రాయగలం. ఏం రాయాలో మీరు చెప్పకండి. ‘ఈ ఏడాది టీచరు చేసిన ఏ పని నీకు గుర్తుంది?’ అని అడిగి, వచ్చిన జవాబునే రాయించండి. అక్షరదోషాలు ఉంటే ఉండనివ్వండి.

ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం అక్టోబరు 5న వస్తుంది, 1994 నుంచీ జరుపుతున్నారు. ఆ రోజు టీచర్ల బల్లలు బహుమతులతో నిండిపోతాయి. వారం అటూ ఇటూ ఇచ్చినా, పరీక్షలు అయిపోయాక ఇచ్చినా తప్పేమీ లేదు. క్లాసు జరుగుతుండగా కాకుండా, బడి మొదలయ్యే ముందో వదిలాకో పిల్లలే వెళ్లి ఇవ్వాలి. డబ్బా వెనక్కి ఇవ్వక్కర్లేదని చెప్పమనండి, లేకపోతే దాన్ని కడిగి తిరిగి పంపే పని కూడా టీచరు మీదే పడుతుంది.