బస్సు నేర్చుకుందాం, 5వ పాఠం: మలుపులో బండి ఎంత జాగా తింటుంది

పోయిన పాఠంలో మిర్రర్లు సెట్ చేసుకోవడం చూశాం, ఇద్దరు మనుషుల్ని బండి చుట్టూ నడిపించి ఎవరు ఎక్కడ మాయమైపోతున్నారో రాసుకోమన్నాను, చేసే ఉంటారు. చెయ్యకపోతే ఇది ఇక్కడే ఆపి ముందు ఆ పని కానిచ్చుకుని రండి, ఈ రోజు చెప్పేదంతా ఆ మిర్రర్ల మీదే నడుస్తుంది.

ఈ రోజు మలుపు. టెస్టులో ఫెయిలయ్యేవాళ్ళలో నేను చూసినంతవరకు ఎక్కువమంది పోయేది ఇక్కడే, అదీ బండి నడపడం రాక కాదు, కారు బాగా వచ్చు కాబట్టి. కారులో మన కాళ్ళు దాదాపు ముందు చక్రాల దగ్గరే ఉంటాయి, మలుపు కనిపించగానే చెయ్యి దానంతటదే తిరుగుతుంది, వెనక చక్రం గురించి ఎవరూ ఆలోచించరు. పెద్ద బస్సులో మీ సీటు ముందు చక్రానికి కూడా ముందుంటుంది. అంటే మీరు మూల దగ్గరికి వచ్చేశారు, చక్రం ఇంకా రాలేదు. మీకు మూల కనిపించగానే తిప్పితే ముందు భాగం చక్కగా తిరుగుతుంది, వెనక చక్రం మాత్రం ఫుట్‌పాత్ ఎక్కి కూర్చుంటుంది.

నోటితో చెప్తే ఇది బుర్రకి ఎక్కదు, నాకూ ఎక్కలేదు. ఒక అట్ట ముక్క, కత్తెర, గుండుసూది, పెన్సిల్ తెచ్చుకోండి, పావుగంట పని. 12 సెంటీమీటర్ల పొడవు, 2.5 సెంటీమీటర్ల వెడల్పు ముక్క కత్తిరించండి. ఇదే మన బస్సు, సెంటీమీటరంటే మీటరు. వెనక నుంచి 3.3 సెంటీమీటర్ల దగ్గర అడ్డంగా గీత గీయండి, అది వెనక చక్రాల గీత. అక్కడ్నించి ముందుకి 6 సెంటీమీటర్ల దగ్గర ఇంకో గీత, అది ముందు చక్రాలది. ఇంకా 2.7 మిగిలింది చూడండి, చక్రం దాటి ముందుకి పొడుచుకొచ్చిన ముక్కు, మీరు కూర్చునేది అందులోనే. వెనక మిగిలిన 3.3 తోక. అన్ని బస్సులకీ ఇవే కొలతలని కాదు, కానీ 12 మీటర్ల బండికి ఇంచుమించు ఇలాగే ఉంటాయి, మీరు నేర్చుకునే బండివి టేపు పెట్టి కొలుచుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు వెనక చక్రాల గీత మీద ఇంకో సన్నటి అట్టబద్ద అడ్డంగా అతికించండి, ఒక పక్కకి పొడుగ్గా బయటికి రావాలి. బద్ద లేని పక్క మలుపుకి బయటి వైపు అనుకోండి, కింద ఒక పెద్ద కాగితం పరిచి, ఆ అంచు నుంచి కొలిచి బద్ద మీద 9.2 సెంటీమీటర్ల దగ్గర గుండుసూది గుచ్చండి. ఎందుకు అక్కడే అంటే, వెనక చక్రాలు తిరగవు, నేరుగానే ఉంటాయి కాబట్టి బండి ఎంత తిరిగినా ఆ తిరుగుడు కేంద్రం ఎప్పుడూ వెనక చక్రాల గీత మీదే ఎక్కడో పడుతుంది, స్టీరింగ్ ఎంత ఎక్కువ తిప్పితే అంత దగ్గరగా. ఇక పెన్సిల్ మొన ఒక్కోచోట ఆనించి, సూది చుట్టూ అట్టని తిప్పుతూ పోండి. బయటి వైపు నాలుగు చోట్ల: ముందు మూల, ముందు చక్రం, వెనక చక్రం, తోక మూల. లోపలి వైపు ఒక్కచోట, వెనక చక్రం దగ్గర.

స్కేలు పెట్టి సూది నుంచి కొలవండి. ముందు చక్రం 11 దగ్గర తిరిగింది, అదే వైపు వెనక చక్రం 9.2. అంటే వెనక చక్రం ముందు చక్రం దారిలో నడవలేదు, 1.8 మీటర్లు లోపలికి కోసుకుని వచ్చింది. ముందు మూలేమో 12.7 దాకా బయటికి పోయింది. లోపలి వెనక చక్రం 6.7. ఇప్పుడు 12.7 లోంచి 6.7 తీసెయ్యండి. ఆరు మీటర్లు! రెండున్నర మీటర్ల బండి తిరిగేటప్పుడు ఆరు మీటర్ల జాగా తింటుంది. నేను ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు తప్పేమోనని రెండోసారి కొలిచాను.

ఈ ఆరు మీటర్లు గుర్తుంటే మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

ముందు ఫుట్‌పాత్ వైపు మలుపు, అంటే మనం ఏ అంచున నడుస్తున్నామో ఆ అంచు వైపే ఇంకో రోడ్డులోకి తిరగడం. ఇదే కష్టమైంది, ఎందుకంటే మూల దగ్గరగా ఉంటుంది. కొత్తవాళ్ళు చేసే పని ఏంటంటే, జాగా కావాలి కదా అని తిరిగేముందు బండిని అటు పక్కకి లాగి, పెద్దగా చుట్టి ఇటు వస్తారు. లాగిన మరుక్షణం ఫుట్‌పాత్‌కీ బండికీ మధ్య ఒక సందు పడుతుంది, వెనకొచ్చే బైకువాడు ఆ సందు చూసి దూరతాడు, వాడి తప్పేం లేదు, మీరు అటు పోతున్నారనే అనుకుంటాడు, తర్వాత మీ వెనక చక్రం వాడి మీదకి కోసుకుని వస్తుంది. అందుకని తిరిగేముందు వెనక భాగం అంచుకి దగ్గరగానే ఉంచండి, ఎవరూ దూరలేనంత. జాగా అనేది ముందుకి పోయి తెచ్చుకోవాలి, పక్కకి పోయి కాదు. నేరుగా ఇంకొంచెం పోండి, మీ సీటు మూల దాటిపోయి, అయ్యో దాటిపోయామే అనిపించేదాకా, అప్పుడు తిప్పండి, ఆ వెడల్పేదో వెళ్ళే రోడ్డులో తీసుకోండి. అక్కడ ఎదురుగా బండి ఉంటే ఆగాలి, అది పోయేదాకా ఆగాలి, అంతే. వెనక వాళ్ళు హారన్ కొడతారు, కొట్టనివ్వండి, ఆగిన చోటు నుంచి వెనక్కి మాత్రం పోవద్దు, వెనక ఎవరున్నారో మీకు తెలీదు.

రెండో మలుపు, ఎదురు ట్రాఫిక్‌ని దాటి అవతలికి తిరిగేది, ఇది కొంచెం సుళువే. జంక్షన్ మధ్య దాకా వెళ్ళకుండా తిప్పడం మొదలెట్టకూడదు, ఇదొక్కటే నియమం. ముందే తిప్పితే ఆ రోడ్డులోంచి బయటికి రావడానికి ఆగి ఉన్న బండి మూతిని మీ బస్సు నడుము గీకుతుంది.

ఇక తోక సంగతి. కాగితం మీద తోక మూల 9.8 దగ్గర తిరిగింది, వెనక చక్రం 9.2, అంటే తోక దాదాపు 60 సెంటీమీటర్లు బయటికి ఊగింది. ఎటు తిప్పితే దానికి ఎదురు వైపుకి. నేర్చుకునే రోజుల్లో నాకు ఇది ఎవరూ చెప్పలేదు, చెప్పారేమో నేనే వినలేదు. యార్డులో రెండు బస్సుల మధ్య పెట్టిన బండి తియ్యమన్నారు, ముందు ఇంకో బండి నిలబడి ఉంది, కాబట్టి నిలబడ్డ చోటే ఫుల్ కటింగ్ కొట్టేసి, అంటే స్టీరింగ్ చివరిదాకా తిప్పేసి, మెల్లగా కదిలించాను, కళ్ళు రెండూ ముందు మూల మీదే పెట్టి, ఆ మూల జానెడు దూరంలో తప్పుకుపోతుంటే భలే తీశానే అని నాలో నేనే మురిసిపోతున్నా, వెనక నుంచి టప్‌మని శబ్దం. పక్క బస్సు మిర్రర్ కింద పడి ఉంది, మన తోక కొట్టింది. ముందు మూల చూసుకున్నానే గానీ ఎదురు వైపు మిర్రర్‌లోకి ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రోజు మిర్రరు, అదే స్టాపు అయ్యుంటే అక్కడ నిలబడేది మనుషులు.

అవును, తోక ఎక్కువగా ప్రమాదం తెచ్చేది స్టాపు నుంచి బయల్దేరేటప్పుడే. జనం ఫుట్‌పాత్ అంచు మీదే నిలబడతారు, బస్సు కదిలాక కూడా ఒకడు పక్కనే నడుస్తూ లోపలున్న వాళ్ళతో మాట్లాడుతుంటాడు. మీరు రోడ్డు వైపు గట్టిగా తిప్పారంటే తోక వాళ్ళ మీదకే పోతుంది, ఫుట్‌పాత్ ఎత్తు తోకకి అడ్డం కాదు, దాని పైనుంచే ఊగుతుంది. అందుకని ముందు కొంచెం నేరుగా పోనివ్వండి, స్టీరింగ్ కొంచెం కొంచెంగా తిప్పండి, సగం తిప్పితే ఊగుడు బాగా తగ్గిపోతుంది. రోడ్డు వైపు మిర్రర్ చూడటం ఎంత ముఖ్యమో కదిలాక స్టాపు వైపు మిర్రర్ ఒకసారి చూడటం అంతే ముఖ్యం. డోరు పూర్తిగా మూసుకోకుండా చక్రం కదలకూడదనేది వేరే చెప్పక్కర్లేదు.

స్టాపు అంటే ఇంకోటి గుర్తొచ్చింది, రోడ్డు అంచు వైపుకి వాలి ఉంటుంది కదా నీళ్ళు పోవడానికి, అక్కడ ఆపితే బస్సు కింద ఎంత దూరం ఉన్నా పైన కప్పు మాత్రం స్తంభాల వైపుకి, కొమ్మల వైపుకి ఒరుగుతుంది. కింద చూసి సరిపోయిందనుకోకండి, పైకి కూడా చూడండి.

మలుపులో కళ్ళు ఎక్కడుండాలి? వెళ్ళే దారి, లోపలి మిర్రర్, బయటి మిర్రర్, మళ్ళీ దారి, ఇలా తిరుగుతూనే ఉండాలి. లోపలి మిర్రర్‌లో వెనక చక్రం మూల దాటడం మీ కళ్ళతో చూశాకే స్టీరింగ్ వెనక్కి తిప్పుకోండి. డ్రైవర్ ముందుండే పెద్ద అద్దం పక్కన పిల్లర్ ఉంటుంది చూశారా, అదొక దొంగ. రోడ్డు దాటే మనిషి నడిచే వేగం, మీ బండి తిరిగే వేగం ఒకలా కుదిరితే ఆ మనిషి పిల్లర్ వెనకే నక్కి మీతోపాటే వస్తాడు, మలుపు మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా కనిపించడు. తిప్పేముందు సీట్లోనే ఒళ్ళు ముందుకి వంచి, వెనక్కి వాలి, పిల్లర్ అటూ ఇటూ చూడండి. చూసేవాళ్ళకి నవ్వొస్తుంది, పర్లేదు. ఎగ్జామినర్‌కి నవ్వు రాదు, మీరు చూస్తున్నారని తెలుస్తుంది.

వేగం దగ్గరికి వద్దాం, ఇది లోపలి జనానికి సంబంధించింది. అదే 11 మీటర్ల మలుపు గంటకి 15 కిలోమీటర్లలో తిప్పితే 60 కేజీల మనిషిని పక్కకి దాదాపు పది కేజీల బరువుతో లాగినట్టు ఉంటుంది, రాడ్డు పట్టుకున్నవాడు నిలబడగలడు. అదే 25లో తిప్పితే ఇరవై ఏడు కేజీలు. స్పీడోమీటర్‌లో ముల్లు కొంచెమే కదిలింది, లాగుడు మాత్రం రెండున్నర రెట్లు దాటింది, ఎందుకంటే అది వేగంతో కాదు, వేగాన్ని వేగంతో గుణిస్తే వచ్చేదాంతో పెరుగుతుంది. మీకు స్టీరింగ్ ఉంది పట్టుకోడానికి, బెల్టు ఉంది, మలుపు వస్తోందని ముందే తెలుసు. వెనక చంకలో బిడ్డతో నిలబడి టికెట్ డబ్బులు లెక్కపెట్టుకుంటున్న ఆమెకి ఈ మూడూ లేవు. మలుపు దాటగానే స్టాపు ఉందంటే ఇంకా తగ్గించండి, దిగేవాళ్ళు మలుపులోనే లేచి డోరు వైపు నడవడం మొదలెడతారు.

వేగం తగ్గించడం, గేరు మార్చడం రెండూ మలుపుకి ముందే అయిపోవాలి. మలుపు మధ్యలో బ్రేకు తొక్కితే జనం పక్కకీ ముందుకీ ఒకేసారి పడతారు, క్లచ్ తొక్కి బండిని జారవిడిస్తే ఇంజన్ పట్టు పోతుంది. టెస్టులో ఎగ్జామినర్ చెవి ఇక్కడే ఉంటుంది, చూడకపోయినా ఇంజన్ చప్పుడు బట్టి తెలిసిపోతుంది. ఆయన చూసే మిగతావి కూడా ఇవే: చక్రం ఫుట్‌పాత్‌కి తగిలిందా, గీత తొక్కిందా, ఇండికేటర్ సరైన టైంలో వేసి మలుపయ్యాక తీశారా, తల తిరుగుతోందా లేక మంచులో గడ్డకట్టినట్టు ముందుకే ఉందా. ఏ తప్పుకి ఎన్ని మార్కులు పోతాయో ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, మీ టెస్టు రూల్స్ పుస్తకంలో చూస్కోండి. మార్కుల సంగతి ఎలా ఉన్నా ఒకటి చెప్తా, తప్పు తిప్పాను అని తెలిసినప్పుడు ఆగి, చూసి, సరిచేసుకున్నవాడు, తప్పుని స్పీడుతో దాచుదామనుకున్నవాడు, వీళ్ళిద్దరిలో ఎవరి పక్కన కూర్చోవాలో ఏ ఎగ్జామినర్‌కైనా తెలుసు.

గ్రౌండులో ప్రాక్టీసుకి నాలుగు కోన్లు చాలు. ఒక మూల కట్టి, ముందు కావాలనే తొందరగా తిప్పి వెనక చక్రం కోన్‌ని ఎలా తొక్కుతుందో పక్కనుంచి ఇంకొకరిని చూడమనండి, తర్వాత మీరు దిగి వాళ్ళని తిప్పమని మీరు చూడండి. బయట నిలబడి చూసిన ఆ ఒక్క ట్రిప్పు సీట్లో కూర్చుని తిప్పిన పది ట్రిప్పులకి సమానం. ఆ తర్వాత ఒక్కోసారి అర మీటరు ఆలస్యంగా తిప్పుతూ పోండి, కోన్ బతికిన చోట సీటు పక్కన కిటికీలోంచి ఏం కనిపిస్తోందో గుర్తుపెట్టుకోండి, అదే మీ గుర్తు, ఆ బండికి మాత్రమే. బండి మారితే మళ్ళీ మొదటికి.

వచ్చే పాఠానికి ఇంటి పని ఇది. అట్ట బస్సులో గుండుసూది 9.2 నుంచి తీసి 14 సెంటీమీటర్ల దగ్గర గుచ్చండి (బద్ద చాలకపోతే ఇంకో ముక్క అతికించుకోండి), అంటే స్టీరింగ్ తక్కువ తిప్పినట్టు. అవే గీతలు మళ్ళీ గీసి, మొత్తం జాగా ఆరు మీటర్ల నుంచి ఎంతకి తగ్గిందో, తోక ఎంత ఊగిందో కొలిచి రాసిపెట్టుకోండి. రివర్స్ పాఠం ఆ కాగితం మీదే మొదలెడదాం.